అంచు మీద దెబ్బలు

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో బట్టల దుకాణాల వరుస చివర ఒక రాతి మెట్టు ఉండేది. ఆ మెట్టు మీద మూడడుగుల పరుపు గద్దె వేసుకొని అబ్బాస్ ఇరవై రెండేళ్లు కూర్చున్నాడు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా నడిచేది, కంటోన్మెంటులో ఇంగ్లీషువాళ్ల కల్దార్ నడిచేది. రోడ్డుకు ఈ పక్క కొన్న కూరకు ఒక నాణెం, ఆ పక్క కొన్న రొట్టెకు మరో నాణెం. రెంటినీ మార్చి ఇవ్వడం అతని బతుకుదెరువు. అయితే అలా మార్చేవాళ్లు బజార్లో పదిమంది ఉన్నారు. అబ్బాస్ దగ్గరికి జనం వచ్చేది ఇంకో పనికి. బొమ్మ పక్కకు జరిగిన నాణెమో, ముక్క పోయిన నాణెమో, వింత గీత ఉన్న నాణెమో ఎవరి చేతికొచ్చినా "అబ్బాస్ సాబ్‌కు చూపియ్" అనేవారు.

అతను తేల్చవలసింది ఒక్కటే. ఆ వంక నాణేనికి పుట్టుకతో వచ్చిందా, తర్వాత తగిలిన దెబ్బా? టంకశాలలో జరిగిన తప్పైతే నాణెం మంచిదే, పూర్తి వెలకు చెల్లుతుంది. బయట ఎవరో కోసిందో, గీకిందో, సుత్తి పెట్టి కొట్టిందో అయితే దానికి వెండి వెలే తప్ప నాణెం వెల లేదు.

ఎలా తేలుస్తాడో అడిగినవాళ్లకు దాచకుండా చెప్పేవాడు. "గీత ఉన్నదనుకో, గోరు పెట్టి చూడు. గోరు దిగబడితే ఎవడో గీకిండు. గోరుకు తట్టుకుంటే, గీత పైకి ఉబ్బి ఉంటే, అది అచ్చుల పగులు. అచ్చు ఉక్కుది గద, పగిలితే ఆ సందుల వెండి దూరుతది. బయటోడు ఎంత తెలివిగలోడైనా వెండిని గీకుతడు గని ఉబ్బియ్యలేడు."

అంచున ముక్క కొరికినట్టు పోయిన నాణెం వస్తే అతను ఆ కొరుకుడు వైపు చూడనే చూడడు. సరిగ్గా దానికి ఎదుటి అంచు చూస్తాడు. అచ్చు పడకముందే బిళ్ల తెగి ఉంటే, ఎదుటి అంచు కూడా సరిగ్గా లేవక పలచబడిపోతుంది. ఎదుటి అంచు నిండుగా ఉందంటే ఆ ముక్క బజార్లోనే ఎవరో కత్తిరించుకున్నారన్నమాట.

ఒకసారి రైల్వే ఫైర్‌మన్ ఒకడు ఆకులా పలచబడిన అణా తెచ్చాడు. "సాబ్, టంకశాలోళ్ల తప్పు గిది. చూడుండ్రి, అక్షరాలన్నీ సాగినయ్."

అబ్బాస్ దాన్ని వేళ్ల మధ్య ఒకసారి తిప్పాడు. "టంకశాల పట్టాల మీద పెట్టిండ్రా ఏందీ? ఏ బండి కింద పెట్టినవ్, కాజీపేట బండా, మన్మాడు బండా?"

బట్టల దుకాణంలోంచి నవ్వులు వినబడ్డాయి. ఫైర్‌మన్ తల గోక్కుంటూ, "మన్మాడు బండే సాబ్," అన్నాడు.

అబ్బాస్ కూడా నవ్వాడు గానీ ఆ అణాను మళ్లీ చూడలేదు. అది అతని అలవాటు. పుట్టుకతో వంక ఉన్న నాణేన్ని భూతద్దం కింద పెట్టి, మెత్తటి బట్టతో తుడిచి, మూడు రోజులు దగ్గర ఉంచుకునేవాడు. దెబ్బ తిన్నదాన్ని మాత్రం "ఇది బజారు చేసిన పని" అని రేకు డబ్బాలో పడేసేవాడు. మనుషుల చేతులు చేసే పాడుపనిలో చూడవలసింది ఏముంటుందని అతని అభిప్రాయం.

బజారు వెనక మేడ మీద ఒక గది. భార్య పెళ్లైన మూడో ఏటనే కలరాతో పోయింది. పిల్లలు లేరు. పొద్దున్నా సాయంత్రమూ ఇరానీ హోటల్లో చాయ్, మధ్యాహ్నం అక్కడే రొట్టె. గద్దె మీద ఉన్నంతసేపూ అందరూ పలకరించేవారు. గద్దె చుట్టి చంకన పెట్టుకున్నాక మాత్రం అతనితో మాట్లాడవలసిన పని ఎవరికీ ఉండేది కాదు.

మునుపు అలా కాదు. తమ్ముడు ఫకీర్ ఉండేవాడు. పదిహేనేళ్లు చిన్నవాడు, అబ్బాస్ చేతుల్లో పెరిగినవాడు. అన్న ఎంత మౌనమో తమ్ముడు అంత వాగుడు. అత్తరు సీసాల పెట్టె నెత్తిన పెట్టుకొని ఊళ్లు తిరిగేవాడు. మొదటిసారి బయల్దేరిన రోజున అబ్బాస్ అతనికి వెండి పావలా, చారాణా ఒకటి ఇచ్చాడు. మామూలు చారాణా కాదు. చార్మినార్ బొమ్మలో కుడి మినారు కొస నుంచి అంచు దాకా వెంట్రుకలాంటి గీత ఉబ్బి ఉండేది.

"ఇట్లాంటిది ఇంకోటి నా కంట పడలే. ఖర్చు పెట్టకు," అన్నాడు అబ్బాస్.

ఫకీర్ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "అందరి చార్మినార్‌కు నాలుగు మినార్లు, నా చార్మినార్‌కు ఐదు. అన్నా, ఇంక నేను నిజాం కంటె పెద్దోణ్ణి." దాన్ని మొలతాడుకు కట్టిన చిన్న సంచిలో దోపుకున్నాడు. పెళ్లైనా, పెట్టె పెద్దదైనా ఆ సంచి, ఆ చారాణా మారలేదు.

పోలీసాక్షన్‌కు పన్నెండు రోజుల ముందు ఫకీర్ బీదర్ వైపు వెళ్లాడు. ఆ తర్వాత విమానాలు తిరిగాయి, రేడియో దగ్గర జనం గుమిగూడారు, ఐదు రోజుల్లో అంతా అయిపోయిందన్నారు. సికింద్రాబాద్ బజార్లు రెండు రోజులు మూసి మళ్లీ తెరుచుకున్నాయి. బళ్లు నడిచాయి. ఆ వైపు నుంచి వచ్చినవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవారు, వినేవాళ్లు నేల చూసేవారు. ఫకీర్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. అబ్బాస్ స్టేషన్లో అడిగాడు, ఆసుపత్రుల్లో అడిగాడు, జైలు దగ్గర చీటీ ఇచ్చాడు. అలా మూడేళ్లు.

ఫకీర్ భార్య షాహీదా మారేడ్‌పల్లిలో ఒక డాక్టరు గారి ఇంటి వెనక గదిలో కుట్టుమిషన్ పెట్టుకొని బతుకుతోంది. ప్రతి గురువారం దారాలు కొనడానికి బజారుకు వచ్చి, అబ్బాస్ గద్దె ముందు ఒక నిమిషం నిలబడేది.

"ఏమన్న తెలిసిందా భాయ్‌సాబ్?"

"ఏం లేదు దుల్హన్."

తమ్ముడి భార్యను అతను అలాగే పిలిచేవాడు. ఆమె తలాడించి, "తిన్నవా?" అని అడిగేది. "తిన్న," అనేవాడు. అంతే. బుధవారం రాత్రి నుంచే అతను ఆ నిమిషం కోసం ఎదురుచూస్తున్నాడని ఆమెకు తెలియదు. తనకూ చాలాకాలం తెలియలేదు.

1951 ఎండాకాలంలో షాహీదా అన్న చాంద్‌పాషా జనగామ నుంచి వచ్చాడు. తోళ్ల వ్యాపారం చేసే మనిషి, గొంతు పెద్దది. గద్దె అంచున కూర్చొని ముందు ఎండల సంగతి, తర్వాత ధరల సంగతి మాట్లాడి, చివరికి అసలు సంగతికి వచ్చాడు.

"అబ్బాస్ భాయ్, నా చెల్లె వయసు ఇరవై ఆరు. మంచి సంబంధం వచ్చింది. భార్య పోయినోడు, బడి పంతులు. ఖాజీ సాబ్‌ను అడిగిన. మనిషి జాడ లేకపోతె ఇంకా ఆగాలె అన్నడు. పోయిండని ఏదన్న ఆధారం ఉంటే, ఇంటి పెద్ద సాక్ష్యం చెప్తే, ఆగే పని లేదన్నడు."

"ఆధారం ఏడుంది?"

"నువ్వు ఒక్క మాటంటే చాలు. బజారంత నీ మాట మీద నాణెం తీసుకుంటది. నా చెల్లె తీసుకోదా?"

"తెల్వంది తెలిసినట్టు చెప్ప," అన్నాడు అబ్బాస్.

"మరి అది ఒక్కతే మిషన్ ముందు ముసలిదయ్యేదాక కూసోవాల్నా? జెర ఆలోచించు."

అబ్బాస్ ముందున్న చిల్లర సర్దుకున్నాడు. న్యాయంగానే మాట్లాడానని అనుకున్నాడు. ఆ సాయంత్రం మేడ మెట్లు ఎక్కుతుంటే మాత్రం, షాహీదా వెళ్లిపోతే గురువారం కూడా తక్కిన రోజుల్లాంటిదే అయిపోతుందన్న ఆలోచన తగిలింది. మెట్టు మీదే కాసేపు ఆగిపోయాడు.

నెల తిరక్కుండానే లచ్చమ్మ వచ్చింది. స్టేషన్ ముందు తమలపాకులు అమ్మే ఆమె, వారానికోసారి చిల్లర మార్చుకోవడానికి కొంగుముడి తెచ్చేది.

"ఓ సాయిబూ, జెర జల్ది చూడు. ఆకులు వాడిపోతున్నయ్. నీ లెక్క నాణేలకు ముద్దులు పెట్టుకుంట కూసుంటె నా బేరం ఎవలు చేస్తరు?"

అబ్బాస్ వేళ్లు వాటంతట అవే నాణేలను చెదరగొడుతున్నాయి. ఒక చారాణా మీద వేలు ఆగింది. గోరుకు ఏదో తట్టుకుంది. భూతద్దం తీశాడు. కుడి మినారు కొస నుంచి అంచు దాకా, వెంట్రుకలాంటి గీత. ఉబ్బి ఉంది.

"ఇది ఎవరిచ్చిండ్రు?"

"నాకేం ఎరుక? పొద్దుగాల బీదర్ బండి దిగినోళ్లు పదిమంది ఆకులు కొన్నరు. వందల చేతులు, ఏ చెయ్యని జెప్పాలె?" ఆమె అతని మొహం చూసి గొంతు తగ్గించింది. "ఏంది సాయిబూ, నకిలీదా?"

"కాదు. మంచిదే." దాని బదులు వేరే నాణెం ఇచ్చి, దాన్ని వాస్కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఆ గురువారం షాహీదా వచ్చింది. "ఏమన్న తెలిసిందా భాయ్‌సాబ్?"

జేబులో నాణెం ఛాతీకి తగులుతూనే ఉంది. "ఏం లేదు దుల్హన్," అన్నాడు.

ఇంకా రూఢి చేసుకోవాలి కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. రూఢి చేసుకోవడానికి ఏముందో మాత్రం ఆలోచించలేదు. గీత అదే, చోటు అదే. తర్వాతి గురువారం కూడా అదే ప్రశ్న, అదే జవాబు. ఆ రోజు ఆమె "తిన్నవా?" అని అడిగితే అతను తలెత్తలేకపోయాడు. ఇరవై రెండేళ్లలో అతని గద్దె మీద అబద్ధం చెల్లడం అదే మొదటిసారి.

మూడో వారం పటాలం క్యాంటీన్ కాంట్రాక్టరు నౌకరు ఒక సంచెడు హాలీ చిల్లర తెచ్చి కుమ్మరించాడు. హాలీ సిక్కా ఇంక ఎంతోకాలం నడవదని పుకారు, జనం దాన్ని వదిలించుకుంటున్నారు. కుప్పలో అబ్బాస్ గోరుకు మళ్లీ తట్టుకుంది. కుడి మినారు, కొస నుంచి అంచు దాకా, అదే గీత.

జేబులోది తీసి పక్కన పెట్టాడు. రెండు చారాణాలు. కవల పిల్లల్లా ఉన్నాయి.

ఈ సంగతి తనకు తెలియనిది కాదు. పగులు ఉన్నది నాణేనికి కాదు, అచ్చుకు. అచ్చు పూర్తిగా విరిగేదాకా దాని కింద పడ్డ ప్రతి బిళ్లకూ ఆ గీత వస్తుంది. వందో, వెయ్యో, ఎన్ని తోబుట్టువులున్నాయో ఎవరికి తెలుసు? అందరికీ పాఠం చెప్పినవాడు, ఇన్నేళ్లుగా రెండోది కంట పడలేదు గనక తమ్ముడి నాణెం లోకంలో ఒక్కటే అని నమ్మేశాడు.

ముందు ఊరట కలిగింది. ఇప్పుడు నిజంగానే ఏమీ తెలియదు. చెప్పవలసింది ఏమీ లేదు. షాహీదా గురువారం వస్తుంది, అడుగుతుంది, తను అబద్ధం కాని జవాబే చెప్పవచ్చు. ఆ ఊరట ఎంత సుఖంగా ఉందో గమనించేసరికి అతనికి తన మీద తనకే రోత పుట్టింది.

గంటసేపు రెండు నాణేలనూ చూస్తూ కూర్చున్నాడు. పుట్టుకలో తేడా లేదు. తేడా ఉన్నదల్లా తర్వాత తగిలిన దెబ్బల్లోనే. కాంట్రాక్టరు సంచిలోది నున్నగా అరిగిపోయింది. లచ్చమ్మ ఇచ్చినదాని అంచు రెండు చోట్ల నొక్కుకుపోయి ఉంది. ముఖం మీద అడ్డంగా ఒక గాటు. ఇన్నాళ్లు జేబులో పెట్టుకొని కూడా అతను ఆ దెబ్బలను చూడలేదు.

ఫకీర్ చారాణా మీద ఏం దెబ్బలుండేవి? కళ్లు మూసుకొని గుర్తు తెచ్చుకోబోయాడు. గీత కనబడింది, తమ్ముడి వేళ్లు కనబడ్డాయి. అంచు కనబడలేదు. పదిహేనేళ్లు ఆ నాణెం తమ్ముడి మొలన తిరిగింది, ఎన్నోసార్లు తన ముందుకే వచ్చింది. ఆ చేతుల్లో పడి దానికేమైందో తను ఒక్కసారీ చూడలేదు.

చూసిన మనిషి ఒకరున్నారు. గద్దె చుట్టి దుకాణంవాళ్లకు అప్పగించి, మిట్టమధ్యాహ్నం మారేడ్‌పల్లికి నడిచాడు.

డాక్టరు గారి భార్య కాంతమణమ్మ గేటు దగ్గరే చూసి, "షాహీదా, నీకోసం ఎవరో వచ్చారమ్మా," అని కేకేసింది. షాహీదా కొంగు తలమీదికి లాక్కుంటూ వచ్చి, అతన్ని చూసి కొయ్యబారిపోయింది. ఆ గదికి అబ్బాస్ రావడం ఏడాదిలో అదే మొదలు.

"ఏమన్న తెలిసిందా?" ఈసారి ఆమె భాయ్‌సాబ్ అనలేదు.

"కూసో దుల్హన్. ముందు నేనొకటి అడుగుత. చూపియ్యక ముందే చెప్పాలె. ఫకీర్ తాన ఉన్న చారాణాకు దెబ్బలేమన్న ఉండెనా?"

ఆమె కూర్చోలేదు. మిషన్ మీద చెయ్యి పెట్టింది. "ఈ మిషన్ రేకు ఊడదీయాల్నంటే ఈ మరమేకు తిప్పాలె. ఇంట్ల పేచ్‌కస్ లేకుండె. ఆయన ఉన్నప్పుడల్లా సంచిలకెల్లి ఆ చారాణా తీసి ఇస్తె, దాంతోనే తిప్పేదాన్ని. అంచు రెండు దిక్కుల నొక్కుకుపోయింది."

"ఇంకా?"

"ఒకసారి పండుగకు అంగీలు కుట్టంగ, మర తిప్పుతుంటె నా చేతిలకెల్లి జారింది. బొమ్మ మీద గీరుకుపోయింది. 'నా చార్మినార్‌ను పొడిచినవే, జుర్మానా కట్టు' అని దినమంత సతాయించిండు." ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "ఎందుకు అడుగుతున్నవ్ భాయ్‌సాబ్?"

అబ్బాస్ రెండు నాణేలూ మిషన్ బల్ల మీద పెట్టాడు. ఆమె చార్మినార్ వంక చూడలేదు, ఉబ్బిన గీత వంక చూడలేదు. ఒక్కొక్కటి తీసుకొని బొటనవేలితో అంచు చుట్టూ తడిమింది. మొదటిది కింద పెట్టేసింది. రెండోదాన్ని మిషన్ మర గాడిలో నిలబెట్టింది. నాణెం దాని చోటు తెలిసినట్టు కూర్చుంది. కొంచెం తిప్పింది. మర కదిలింది.

పెరట్లో కాంతమణమ్మ పప్పులు చెరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఆకలైతే ఖర్చు పెట్టిండేమో," అన్నాడు అబ్బాస్. "చెయ్యి మారినంత మాత్రాన..."

"నీకు తెల్వదు. పర్లీల ఒకసారి జరమొచ్చి, చేతిల పైస లేక అంగీ అమ్ముకున్నడు. బనీను మీద ఇంటికొచ్చిండు. ఇది మాత్రం సంచిల్నే ఉండె. ప్రాణముండంగ ఆయన దీన్ని ఇయ్యడు."

ఆమె ఏడవలేదు. మర గాడిలోంచి నాణెం తీసి పిడికిట్లో పెట్టుకొని, అప్పుడు అడిగింది. "ఇది నీకు ఎప్పుడు దొరికింది?"

ఇవ్వాళే అని చెప్పవచ్చు. ఆమె నమ్ముతుంది, బజారంతా నమ్మినట్టే. అబ్బాస్ గడప వైపు చూస్తూ, "మూడు వారాలైంది," అన్నాడు.

"మూడు వారాలు." ఆమె అతని ముఖంలోకి చూసింది. కొంగు జారినా సర్దుకోలేదు. "రెండు జుమ్మేరాత్‌లు వచ్చిన నీ ముందుకు. ఏం లేదన్నవ్."

"అన్న."

"ఎందుకు?"

గురువారాల సంగతి ఎవరికైనా చెప్పుకునే సంగతా? నువ్వు పోతే నన్ను తిన్నవా అని అడిగేవాళ్లుండరు అని యాభై ఏళ్ల మనిషి ఎట్లా చెప్పుకుంటాడు? అబ్బాస్ చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకొని గడప మీద కూర్చున్నాడు. ఆమె ఇంక అడగలేదు. కుండలోంచి గ్లాసుడు నీళ్లు ముంచి అతని ముందు పెట్టి, వెనక్కి తిరిగి నిలబడింది.

షాహీదా కబురు పంపితే పదిహేను రోజులకు చాంద్‌పాషా వచ్చాడు. ముగ్గురూ ఖాజీ సాబ్ దగ్గరికి వెళ్లారు. నల్ల రుమాలు చుట్టుకున్న ముసలాయన నాణేన్ని అటూ ఇటూ తిప్పి, "అబ్బాస్ మియా, ఇది మీ తమ్ముడిదేనని మీరే గుర్తు పట్టిండ్రా? మీకు నాణేలల్ల మంచి పేరున్నది," అన్నాడు.

"నేను గుర్తు పట్టింది తప్పు సాబ్," అన్నాడు అబ్బాస్. "నేను పుట్టుక చూసిన. ఆ పుట్టుకవి ఇంకా ఎన్నో ఉన్నయ్. ఎవరి చేతిల తిరిగిందో దుల్హన్ చెప్పింది. ఆమె చెప్పిందే నిజం. నేను దానికి సాక్షిని."

గుమాస్తా రాసుకున్నాడు. అబ్బాస్ సంతకం పెట్టాడు. తమ్ముడు పోయాడన్న మాట కింద తన పేరు రాస్తుంటే కలం రెండుసార్లు ఆగింది. చాంద్‌పాషా అతని భుజం మీద చెయ్యి వేసి, బయట ఆగి ఉన్న టాంగావాణ్ణి పిలవడానికి వెళ్లాడు. షాహీదా అన్నతో ఎక్కవలసిన జనగామ బండికి ఇంకా గంట టైముంది.

షాహీదా బురఖా ముసుగు ఇంకా దించలేదు. అతని పక్కన, రెండడుగుల దూరంలో నిలబడింది.

"నీ మీద కోపం లేదనను భాయ్‌సాబ్. ఉన్నది," అంది. "గని ఆ దినం మూడు వారాలైందని చెప్పినవ్ చూడు. చెప్పకపోతె నాకు తెల్వకపోయేది."

అబ్బాస్ తల ఊపాడు.

"హోటల్ రొట్టె రోజూ తినకు. కడుపు పాడైతది. ఒక పూటన్న వండుకో."

"వండుకుంట."

చాంద్‌పాషా బయటినుంచి పిలిచాడు. ఆమె ముసుగు దించుకొని టాంగా ఎక్కింది. మిషన్ అప్పటికే వెనక తాడుతో కట్టి ఉంది. గుర్రం కదిలాక ఆమె చెయ్యి ఒకసారి మిషన్ మీద ఆనడం కనబడింది, అంతే. టాంగా మూల తిరిగింది.

అబ్బాస్ అక్కడే నిలబడ్డాడు. నాలుగు గంటల ఎండ. రిక్షావాడొకడు పక్కకు వచ్చి ఆపి, "ఎటు పోవాలె సాబ్?" అని అడిగాడు. అబ్బాస్ అటూ ఇటూ చూశాడు. రిక్షావాడు మళ్లీ అడిగాడు. ఆ పూట తను ఎప్పుడు వస్తాడా అని ఎదురుచూసేవాళ్లు సికింద్రాబాద్‌లో ఎవరూ లేరని తెలిసి, అతనికి ఏం చెప్పాలో తోచలేదు.